మండువా ఇంటికి కొత్త గదులు కట్టడం ఎలా: కొలతల నుంచి కప్పు దాకా

గోదావరి, కృష్ణా జిల్లాల పాత వీధుల్లో మిగిలిన మండువా లోగిళ్లలో ఉండేవాళ్లు అడిగేవి న్యాయమైనవే. పడకగదికి ఆనుకుని బాత్రూమ్, నిలబడి వండుకునే వంటగది, పిల్లలు ఊరొస్తే తలుపేసుకుని పడుకునే ఏసీ గది. ఇవన్నీ పాత ఇంట్లోనే ఇరికించబోతే ఇల్లు పాడవుతుంది. సావిడిలో సగం కొట్టేసి బాత్రూమ్ కడతారు, ఒక గది పెంకులు దింపి స్లాబ్ వేస్తారు, ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువా మీద రేకు కప్పేస్తారు. అయిదారు వానాకాలాలు తిరిగేసరికి గోడలు నెమ్మెక్కి, వాసాలు పుచ్చి, ఇక పడగొట్టడమే మేలన్న మాట మొదలవుతుంది.

ఈ మార్గదర్శి ఒక అంతస్తు పెంకుటింటికి వెనక పెరట్లో రెండు గదులు, బాత్రూమ్, వంటగది కలపాలనుకునేవారి కోసం. సూత్రం ఒక్కటే: కొత్త కట్టడాన్ని పాత గోడకు అతికించకండి. ఆరడుగులు ఎడంగా కట్టి, తేలికపాటి నడవతో కలపండి. పునాది, చూరు, వాననీరు, వీధిలోంచి ఇల్లు కనపడే తీరు, అన్నీ ఈ ఆరడుగుల మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు అనుమతి సంగతి

పంచాయతీ లేదా మున్సిపాలిటీ ప్లాను అనుమతి ఎలాగూ కావాలి. దానికన్నా ముందు చూడాల్సింది, దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం ఏదైనా ఉందా అని. ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు లాంటి ఊళ్లలో గుడి చుట్టుపక్కల ఇళ్లకు ఇది ముఖ్యం. 2010 చట్ట సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందునుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఆ చట్టం దృష్టిలో పక్కకు పొడిగించినా, పైకి లేపినా అది కొత్త నిర్మాణమే. కాబట్టి అక్కడ కొత్త గది కుదరదు. నియంత్రిత ప్రాంతంలో ముందస్తు అనుమతితో కట్టుకోవచ్చు. తెలంగాణలో అయితే 2017 వారసత్వ చట్టం కింద ఇల్లు గానీ, వీధి గానీ జాబితాలో ఉందేమో కనుక్కోండి. ఇది తేలకుండా మేస్త్రికి బయానా ఇవ్వకండి.

మొదటి మెట్టు: కొలతలు

పాత ఇంటి కొలతలు తీయకుండా కొత్తదానికి గీత గీయలేం. కింద చెప్పినవి తప్పకుండా రాసుకోండి.

- ఇంటి లోపలి నేల మట్టం, పెరటి నేల నుంచి ఎంత ఎత్తు
- చూరు అంచు, వెన్ను (కప్పు వాలులు రెండూ కలిసే పైఅంచు): రెండూ లోపలి నేల మట్టం నుంచి ఎంత ఎత్తు
- చూరు గోడ దాటి ఎంత బయటికి వచ్చింది
- కిటికీలు, ద్వారబంధాల ఎత్తు, వెడల్పు
- ఇటుక సైజు, గోడ మందం
- వెనక గోడ పునాది ఎంత లోతు (ఒకచోట రెండడుగుల వెడల్పు గుంట తీసి, అడుగు కనపడేదాకా చూసి, అదే రోజు పూడ్చేయాలి)

కప్పు వాలు తెలుసుకోవడం సులువు. 12 అంగుళాల మట్టపుచెక్కను సరిగ్గా సమంగా ఉంచి, ఒక కొన వాసం పైఅంచుకు ఆనించండి. రెండో కొన నుంచి వాసం వరకు నిట్టనిలువుగా కొలవండి. 7 అంగుళాలు వస్తే వాలు 30 డిగ్రీలు, 6 వస్తే ఇరవయ్యారున్నర. ఒకచోట కొలిచి ఊరుకోకండి. పాత వాసాలు మధ్యలో కుంగి ఉంటాయి, మూడుచోట్ల కొలిచి సగటు తీయండి.

గోడలో ఏముందో కూడా తెలియాలి. పెచ్చు ఊడినచోట ఇటుకల మధ్య మసాలాను స్క్రూడ్రైవర్‌తో గీకండి. పొడిపొడిగా రాలి, నీళ్లు పోస్తే బురదైతే అది మట్టి. రాలిన పొడి మీద రెండు చుక్కలు వెనిగర్ వేస్తే నురగ పొంగితే సున్నం. అసలు గీకుడుపడకపోతే ఎవరో తర్వాత సిమెంటు పూశారు. పైన డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) మెరుస్తున్నా లోపల మట్టి మసాలా ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. 18 అంగుళాల మందం చూసి ఈ గోడ మీద మేడ లేపొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

ఉన్న పగుళ్ల మీద అడ్డంగా సన్నటి గాజుపలక ముక్కలు అతికించి, పక్కన తేదీ వేయండి. పని జరుగుతుండగా గాజు విరిగిందంటే గోడ కదిలినట్టే. తవ్వకం ఆపి ఇంజనీరును పిలవండి.

రెండో మెట్టు: ఎక్కడ, ఎంత పెద్దది

వెనక పెరడే సరైన చోటు. వీధి అరుగు, ముందు వసారా, మండువా ముట్టకూడనివి. పక్క సందులో కట్టక తప్పకపోతే ముందు గోడ కంటే కనీసం ఓ గది దూరం వెనక్కి జరపండి.

వాస్తు చూసే పెద్దాయన్ని, ఇంజనీరునూ ఒకే రోజు స్థలానికి రప్పించండి. వేరువేరుగా వస్తే సెప్టిక్ ట్యాంకు చోటు రెండుసార్లు మారుతుంది. ట్యాంకు నీళ్లు ఇంకే గుంట తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు దూరంలో ఉండాలన్నది మాత్రం ఎవరితోనూ బేరం పెట్టాల్సింది కాదు.

పరిమాణం విషయంలో అందరూ తడబడేది వెడల్పు దగ్గర. పాత కప్పు వాలే కొత్తదానికీ రావాలి, లేకపోతే పక్కపక్కన చూసినప్పుడు కంటికి గుచ్చుకుంటుంది. వాలు మారనప్పుడు, గది వెడల్పు పెరిగేకొద్దీ వెన్ను పైకి పోతుంది. ఉదాహరణకు పాత వెన్ను 16 అడుగుల ఎత్తున ఉంది, వాలు 30 డిగ్రీలు అనుకుందాం. కొత్త గోడ 9 అడుగుల ఎత్తు, బయటి వెడల్పు 14 అడుగులు అయితే, సగం వెడల్పు 7 అడుగులకు కప్పు 4 అడుగులు లేస్తుంది. వెన్ను 13 అడుగులు. పాతదానికంటే మూడడుగులు కింద ఉంటుంది, వీధిలోంచి కనపడదు. అదే వెడల్పు 20 అడుగులు చేస్తే వెన్ను 15 దగ్గరికి వచ్చి పాత కప్పుతో పోటీ పడుతుంది. వెన్ను తగ్గించాలని వాలు చదును చేస్తే గాలివానకు నీళ్లు పెంకుల కిందికి ఎదురెక్కుతాయి. కాబట్టి వెడల్పు 14 అడుగుల దగ్గర ఆపి, పొడవు పెంచండి: 14 × 22 అడుగులు. ఇంకా చోటు కావాలంటే ఒకే పెద్ద కప్పు కాకుండా రెండు సన్నటి కప్పులు పక్కపక్కన వేసుకోవచ్చు. అయితే మధ్య కాలువ జీవితాంతం కారకుండా చూసుకునే ఓపిక ఉండాలి.

నేల మట్టం తగ్గించకండి. పాత ఇంటి ఎత్తు ఆ ఊరి వరద చూసి పెట్టినది. కొత్త గది నేల పాతదానికి సమానంగా ఉంటే పెద్దవాళ్లకు మెట్టు తగలదు కూడా.

మూడో మెట్టు: ఆరడుగుల లెక్క

డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. అందుకే కొత్త పునాది పాతదానికంటే లోతుకు పోతుంది. బంకమట్టిలో పక్కపక్క పునాదుల మధ్య, లోతు తేడాకు రెండింతల దూరం ఉంచాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. పాత పునాది 3 అడుగులు, కొత్తది 5 అడుగులు అయితే తేడా 2, దూరం 4 అడుగులు. రెండు పునాదులూ గోడ కన్నా దాదాపు అడుగేసి బయటికి వస్తాయి కాబట్టి గోడ నుంచి గోడకు 6 అడుగులు.

కప్పు వైపు నుంచి లెక్కేసినా అంతే. పాత చూరు 2 అడుగులు బయటికి వచ్చింది. కొత్త కట్టడం ముక్కోణపు పక్కగోడను పాత ఇంటివైపు తిప్పితే అక్కడ కప్పు అడుగు మాత్రమే బయటికి వస్తుంది. 6 అడుగుల్లో ఇంకా 3 అడుగుల ఆకాశం మిగులుతుంది. ఆ సందులోంచే పాత వెనక గదికి గాలీ వెలుతురూ వస్తాయి, చూరు నీళ్లు పోవడానికి చోటుంటుంది, పెంకు జారితే మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కగలడు. గోడకు గోడ ఆనించి కట్టినచోట రెండు కప్పుల మధ్య పేరుకునే ఆకు, చెత్త తీసేవాడు ఉండడు. మొదటి కారుడు అక్కడే.

పునాది తవ్వడానికి సంక్రాంతి తర్వాత రోజులు మంచివి. నేల మరీ ఉబ్బీ ఉండదు, మరీ పగిలీ ఉండదు. మే నెలలో పూర్తిగా ఎండిన రేగడిలో పునాది వేస్తే తొలకరికి కింది మట్టి ఉబ్బి గోడను పైకి నెడుతుంది. కందకం మొత్తం ఒకేసారి తవ్వకండి. పాత ఇంటివైపు భాగాన్ని నాలుగైదు అడుగుల ముక్కలుగా తవ్వి, ఒక ముక్క నింపాకే పక్కది తెరవాలి. బేస్‌మెంట్ మట్టంలో నాలుగు గోడలనూ కలిపే కాంక్రీటు బీము తప్పనిసరి. రేగడి బాగా లోతుకు ఉంటే సాధారణ పునాది సరిపోదు, స్తంభాల పునాదికి ఇంజనీరు చేత లెక్క కట్టించాలి.

నాలుగో మెట్టు: పాత గోడలో దారి

కొత్త ద్వారం కోసం గోడ పగలగొట్టకండి. వెనక గోడలో ఉన్న కిటికీనే ద్వారం చేయండి. పైనున్న కమానుగానీ, చెక్క అడ్డదూలంగానీ కదలదు, బరువు ఎక్కడ మోసేదో అక్కడే మోస్తుంది. మనం తీసేది కిటికీ కింది గోడ మాత్రమే. చేసే వరుస ఇదీ:

అడ్డదూలం కింద రెండు సరుగుడు బాదులు నిలబెట్టి చీలలు బిగించండి. కిటికీ బంధం ఇరువైపులా పూతను కత్తితో నిలువుగా కోయండి, లేకపోతే పెచ్చు గోడంతా లేస్తుంది. బంధాన్ని ఊచలతో సహా ఒకే ముక్కగా బయటికి తీసి, ఏ గోడదో రాసిన చీటీ కట్టి అటక మీద పెట్టండి. ఏనాటికైనా గోడను మళ్లీ మూయాలంటే అదే కావాలి. తర్వాత కింది ఇటుకలను ఉలి, సుత్తితో పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసా తీయండి. కరెంటు బ్రేకర్ అసలు వద్దు. దాని అదురుకు మట్టి మసాలా గోడ లోపల్లోపలే వదులవుతుంది, బయటికి వెంటనే కనపడదు. వచ్చిన మంచి ఇటుకలు దాచి, ద్వారం పక్కల అంచులు వాటితోనే కట్టండి.

ఆ అంచులకు మసాలా: తడి సున్నం 1 పాలు, సుర్ఖీ (ఇటుక పొడి) 1 పాలు, కడిగిన ఇసుక 2 పాళ్లు. సున్నాన్ని నీళ్లలో విరిపి కనీసం రెండు వారాలు మురగనివ్వాలి. సరిగ్గా విరగని రాయి గోడలోకి వెళ్తే, తర్వాతెప్పుడో ఉబ్బి పెచ్చును చిన్న చిన్న గుంటలుగా ఎగరగొడుతుంది. పూత ఒక్కో పొర 12 మిల్లీమీటర్లకు మించకూడదు. కింది పొర గట్టిపడ్డాకే పై పొర. ఎండ తగలకుండా గోనె కట్టి, పది పన్నెండు రోజులు రోజుకు రెండు మూడుసార్లు తడపండి. గట్టితనానికని మేస్త్రి గుప్పెడు సిమెంటు కలపబోతాడు. ఆపండి. సిమెంటు పూత గోడలో చెమ్మను బయటికి పోనివ్వదు. ఆ చెమ్మ పైకి పాకి, ఉప్పు పేరుకుని, రెండు మూడడుగుల ఎత్తున పూతను ఉబ్బిస్తుంది.

అయిదో మెట్టు: నడవ

నడవ వెడల్పు 4 అడుగులు చాలు. పాత గోడ మీద ఒక్క మేకు భారం కూడా పడకుండా సొంత నాలుగు స్తంభాల మీద నిలబడాలి. ఇనుప గొట్టాలైనా, పాత టేకు స్తంభాలైనా సరే. స్తంభాల గుంటలు పాత పునాది లోతు దాటకూడదు.

నడవ కప్పు పాత చూరు కిందికి దూరాలి, చూరుకీ కప్పుకీ మధ్య 6 అంగుళాల ఖాళీ ఉండాలి. మొదట్లో చూరు ఎత్తు కొలవమన్నది ఇందుకే. చూరు అంచు నేల మట్టం నుంచి 8 అడుగులుంటే, 6 అంగుళాల ఖాళీ, కప్పు మందం 5 అంగుళాలు పోను తలకు పైన 7 అడుగుల ఎత్తు దొరుకుతుంది. చూరు ఏడున్నర దగ్గరుంటే ఆరున్నరే మిగులుతుంది, పొడుగు మనిషికి తల తగులుతుంది. అప్పుడు నడవ నేలను ఒక మెట్టు దించక తప్పదు. చూరును కోసే ఆలోచన మాత్రం చేయకండి. ఆ రెండడుగులే గోడను వాన నుంచి కాపాడుతున్నాయి.

కప్పుకు రంగు పూసిన మెటల్ రేకు చాలు. వాలు రెండు ఇళ్లవైపూ ఉండకూడదు, పక్కకు ఉండాలి, అడుగుకు అంగుళం చొప్పున. పాత చూరు వెంట 6 అంగుళాల అర్ధచంద్రాకారపు కాలువ, దానికి 4 అంగుళాల దింపుడు గొట్టం పెట్టండి. 40 చదరపు మీటర్ల కప్పు మీద గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడితే గంటకు 4,000 లీటర్లు వస్తాయి, ఈ సైజు తట్టుకుంటుంది. కాలువను వాసాలకు తగిలించాలి, గోడకు కాదు.

నడవ అంచుకీ పాత గోడకీ మధ్య అంగుళం సందు వదలండి. ఇల్లు రెండుగా కదిలేది ఇక్కడే. సందులోకి సాగే ఫోమ్ తాడు దూర్చి, పైన మెత్తటి సీలెంట్ వేసి, దాని మీద టేకు పట్టీ పెట్టి ఒకవైపే, అంటే నడవవైపే, మేకులు కొట్టండి. రెండువైపులా కొడితే మొదటి వేసవికే పట్టీ చీలుతుంది. చాలామంది మేస్త్రులు ఈ సందును సిమెంటుతో మెత్తి పని బాగుందంటారు. వారం తిరక్కుండా దాని పక్కనే వెంట్రుక పగులు వస్తుంది, వానకు అదే కాలువవుతుంది.

ఆరో మెట్టు: కొత్త గోడలు, కప్పు

కొత్త కట్టడం విడిగా ఉంది కాబట్టి దాని గోడలకు డంగు సున్నమే కావాలన్న పట్టు అక్కర్లేదు. 9 అంగుళాల ఇటుక గోడ, 1:1:6 పాళ్లలో సిమెంటు, సున్నం, ఇసుక మసాలా చక్కగా పనిచేస్తాయి. బయట మాత్రం ప్లాస్టిక్ పెయింట్ వద్దు, పల్చటి సున్నం మూడు పూతలు వేయండి, ఒక్కోదానికీ ఒక రోజు ఆరనివ్వండి. పాత గోడ పక్కన నిలబడగలిగే తెలుపు అదొక్కటే.

కిటికీల వెడల్పు, ఎత్తు నిష్పత్తి పాతవాటినుంచే తీసుకోండి. చెక్కడాలు, సిమెంటుతో పోతపోసిన తామరపూల స్తంభాలు తేకండి. పాతదానికి నకిలీ చేస్తే కొత్తది చవకగా, పాతది అనుమానంగా కనపడతాయి. కొత్త పని తన కాలపు ముద్రతోనే ఉండాలని 1964 వెనిస్ ఒడంబడిక చెప్పినది ఈ పెరటికీ వర్తిస్తుంది. కొలతలు పాతవి, పనితనం ఇప్పటిది.

కప్పుకు పాత కలప అడితీలో దొరికే టేకు బాగుంటుంది. కోతకు ఇచ్చేముందు అయస్కాంతం పెట్టి విరిగిన మేకులు వెతకండి, రంపం యజమాని మీకు దణ్ణం పెడతాడు. వాసాలు గోడలను బయటికి తోస్తాయి కాబట్టి ప్రతి 6–7 అడుగులకు అడ్డుదూలం కట్టాలి. కోస్తాలో విశాఖ, విజయవాడ లాంటి చోట్ల సెకనుకు 50 మీటర్ల గాలికి లెక్కించాలన్నది ప్రమాణం. ప్రతి వాసాన్నీ గోడ మీది పట్టెకు ఇనుప పట్టీతో, ఆ పట్టెను కింద లెంటెల్ బీములోంచి లేచిన బోల్టుకు బిగించండి. చూరు దగ్గరి రెండు వరుసల పెంకులనూ, వెన్ను పెంకులనూ కింది చిల్లులోంచి తీగతో కట్టాలి. తుఫానులో ముందు లేచేవి అవే.

పెంకుల లెక్క: 14 × 22 గదికి చూరు రెండువైపులా 2 అడుగులు, పక్కగోడల దగ్గర అడుగు చొప్పున వదిలితే కప్పు సుమారు 500 చదరపు అడుగులు. మంగళూరు పెంకు 100 చదరపు అడుగులకు 150 దాకా పడతాయి. అంటే 750, విరిగేవాటి కోసం పదోవంతు కలిపితే 825. వెన్ను పెంకులు 28. రీపర్ల (పెంకులు తగిలించే అడ్డ చెక్కల) ఎడం పుస్తకం చూసి వేయకండి. మీరు కొన్న పెంకులే పది వరుసగా తగిలించి, ఒకసారి పూర్తిగా లాగి, ఒకసారి దగ్గరికి నెట్టి కొలిచి, సగటును తీసుకోండి. దాదాపు పన్నెండున్నర అంగుళాలు వస్తుంది. కంపెనీని బట్టి అర అంగుళం మారినా వెన్ను దగ్గర పెంకు కోయాల్సి వస్తుంది. పాత ఇంటికి గూన పెంకులుంటే కొత్తదానికి మంగళూరు పెంకు వేయడంలో తప్పేం లేదు, రంగు దగ్గరగా ఉంటే చాలు.

నీళ్ల పని, మండువా

బాత్రూమ్, వంటగది, ఏసీ, గీజరు అన్నీ కొత్తదానిలోనే. పాత గోడల్లో గాడి కొట్టి పైపులు పెట్టొద్దు. మట్టి మసాలా గోడలో ఒక్క పైపు కారినా గోడ లోపల్నుంచి కరిగిపోతుంది, బయటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. 1,000 లీటర్ల ట్యాంకు నీళ్లతో నిండితే టన్ను బరువు. దానికి పెరట్లో సొంత స్టాండు కట్టండి.

రెండు ఇళ్ల మధ్య సందులో సిమెంటు గచ్చు చేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది, శుభ్రంగా ఉంటుందని. కానీ గచ్చు చేస్తే, అప్పటిదాకా నేలలోంచి ఆవిరయ్యే చెమ్మకు దారి మూసుకుపోయి పాత గోడెక్కుతుంది. గోడ వెంట రెండడుగుల మేర కంకర పరిచి, నేలను బయటికి 50కి 1 వాలు ఇవ్వండి.

కొత్త గదులు వచ్చాక, దోమలనో కోతులనో చెప్పి మండువా మూసేద్దామన్న మాట మళ్లీ వస్తుంది. ఇంట్లో వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతూ, అరుగు వైపునుంచి చల్లగాలిని లోపలికి లాగుతుంది. రేకు కప్పితే ఆ లాగుడు ఆగి, మధ్యాహ్నానికి సావిడి ఉడికిపోతుంది. కోతులకు చట్రంలో బిగించిన ఇనుప వల చాలు. వాన జల్లు మరీ ఇబ్బందైతే, చుట్టూ రెండడుగులు తెరిచి ఉంచి పైకి లేపిన గాజు కప్పు పెట్టించుకోవచ్చు.

పని అయ్యాక మొదటి వానాకాలమంతా గాజుపలకలను తీయకండి. పెద్ద వాన పడిన ప్రతిసారీ టార్చి పట్టుకుని అటకెక్కి, వెనక చూరు వాసాల కొనలను చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే ముందు కాలువ వాలు సరిచేయించండి, తర్వాతే పెంకుల జోలికి వెళ్లండి.